అసిరమ్మ నడక

తోడు దినచర్య
విద్యార్థిని: వారిజ, మొదటి సంవత్సరం, నేర న్యాయ కళాశాల, పూడిరేవు మెరక
దోషి: అసిరమ్మ, యాభై రెండేళ్ళు, నీళ్ళ కావడి పని, కర్రలపేట

ఒకటో రోజు

సాక్ష్యం పాఠం మొదలుపెట్టిన రోజే సత్యభామ మేడం చెప్పారు. "తోడుకు వెళ్ళినప్పుడు దినచర్యలో మీ అభిప్రాయాలు రాయకండి. వాటితో ఎవరికీ పనిలేదు. కాళ్ళ నొప్పులు రాయండి." క్లాసంతా నవ్వాం. ఇవాళ నాకు నవ్వే ఓపిక కూడా లేదు. కాబట్టి రాస్తున్నాను: ఎడమ భుజం కమిలింది, కుడి పిక్క పట్టేసింది, మడమలు రెండూ మండుతున్నాయి.

అసిరమ్మ పని ఇంటింటికీ తాగునీళ్ళు మోయడం. కర్రలపేట మొత్తం సముద్రంలో కర్రలు పాతి కట్టిందే. బళ్ళు తిరగవు. జానెడేసి ఎడంతో పరిచిన చెక్కల బాట మీద మనిషే మోయాలి. మూడో నంబరు తొట్టి దగ్గర ఆమె కావడికి రెండు బిందెలు తగిలించి నా భుజాన పెట్టింది. పది అడుగులు వెయ్యకుండానే సగం నీళ్ళు సముద్రంపాలు చేశాను.

"ఏటమ్మా, సదువుకున్న గుంటవి, నీకీ కరమేటి?" అంది.

"పాసవ్వాలంటే తప్పదండీ. శిక్ష అమలయ్యేలోపు నలభై రోజులు మీరు ఏ పని చేస్తే నేనూ అదే పని చెయ్యాలి."

"అలాగైతే మోకాళ్ళు సడలించు. కర్రలాగ నడిస్తే నీళ్ళు నిలవవు."

నేరం సంగతి అడగాలని నోరు పీకింది. మొదటి రెండు రోజులూ అడక్కూడదని నియమం. సాయంత్రం ఆరైంది, పేజీకి ధర్మాసనం ముద్ర పడే వేళ. ముద్ర పడ్డాక ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదు కాబట్టి, కావడి మీద నాకు కలిగిన అభిప్రాయం రాయకుండా ఆపుతున్నాను.

మూడో రోజు

భుజం వాచింది. అడిగేశాను.

ఫాల్గుణంలో ఒక తెల్లవారుజామున, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు, ఎవరో మూడో తొట్టి తూము తెరిచారు. ఉప్పునీళ్ళు లోపలికి కొట్టి తొట్టి మొత్తం పాడైంది. ఆరు రోజులపాటు తొమ్మిది వందల ఇళ్ళకి మంచినీళ్ళు లేవు. ఇద్దరు ముసలివాళ్ళు ఆసుపత్రిపాలయ్యారు. నడకను బట్టి మనిషిని గుర్తుపట్టే గడపకన్ను తొట్టి గేటులో ఉంది, అది ఆ వేళప్పుడు ఒకే ఒక్క నడకను చూసింది. నూటికి తొంభై ఆరు పాళ్ళు అసిరమ్మ నడక. ఇదంతా ఫైలులో చదివిందే. నాకు కావలసింది ఫైలులో లేనిది.

"తూము మీరే తెరిచారా?"

ఆమె ఎండముసుగు తీసి మొహం తుడుచుకుంది. పక్కన మూడు రోజులు తిరిగినా ముఖం చూడటం ఇదే మొదటిసారి. బయట ఎవరి ముసుగు వాళ్ళది కదా. గడ్డం మీద చిన్న పచ్చబొట్టు ఉంది.

"నడక నాదే అంటన్నారు కదమ్మా. నాదే అయితే నానే సేసుంటాను."

"మీకు గుర్తు లేదా?"

"తొంగున్నట్టే గేపకం. నిద్దట్లో లేసి ఎలిపోనానేమో. మిసను అబద్దం ఆడదు కదేటి?"

మా పాఠ్యపుస్తకంలో దోషులు మూడు రకాలు: ఒప్పుకునేవాళ్ళు, కాదనేవాళ్ళు, మౌనంగా ఉండేవాళ్ళు. ఈమె ఏ రకమో తెలియక రెండు పేజీలు తిరగేశాను. తనకే తెలియని పనిని ఒప్పుకునేవాళ్ళ గురించి ఎక్కడా లేదు.

తొమ్మిదో రోజు

బొబ్బలు చితికి, గట్టిపడుతున్నాయి. ఇవాళ పదకొండు కావళ్ళు మోశాను. అసిరమ్మ ఇరవై మూడు.

నా గదిలో ఉండే షాహీన్‌కి బట్టల దొంగ తోడుగా పడ్డాడు. ఆయన దర్జీ కాబట్టి ఈమె నీడన కూర్చుని గుండీలు కుట్టుకుంటోంది. అదృష్టం అంటే అదీ.

"నువ్వెందుకే ఆవిణ్ణి అన్ని ప్రశ్నలు అడుగుతావు? చివర్లో రాయాల్సింది ఒక్క వాక్యమే కదా. 'సందేహం లేదు' అని రాసి ఇంటికి రా" అంది.

"సందేహం ఉంటే?"

"పందొమ్మిదేళ్ళలో ఒక్కరైనా అలా రాశారా? సందేహం నిలబడకపోతే కాలేజీ నుంచి పేరు కొట్టేస్తారు. రెండుసార్లు తప్పి మూడోసారి సీటు తెచ్చుకున్నావు. గుర్తుంచుకో."

గుర్తుంది. తీర్పు పరిశీలకురాలినవ్వాలని పదమూడో ఏట నుంచి అనుకుంటున్నాను. కానీ నేను 'సందేహం లేదు' అని రాసిన మర్నాడు అసిరమ్మ నడకను రిజిస్టరులోంచి కొట్టేస్తారు. ఆపైన ఆమెకు తొట్టి గేటు తెరుచుకోదు, రేవు గేటు తెరుచుకోదు, మెరక మీది ఆసుపత్రి తలుపూ తెరుచుకోదు. జైళ్ళు మూసేసి మంచిపని చేశామని మొదటి పాఠంలోనే గర్వంగా చెప్పారు. మా హాస్టలు కూడా ఒకప్పటి జైలేనట. ఊరంతా తాళం వేసి మనిషిని బయట నిలబెట్టడం జైలు కన్నా ఏ రకంగా మెరుగో నాకింకా అర్థం కాలేదు. ఇది అభిప్రాయం. క్షమించండి మేడం.

పద్నాలుగో రోజు

ఇవాళ ఒక్క చుక్క తొణకలేదు! తొట్టి దగ్గర నుంచి పోలీసు చౌకీ మెట్ల దాకా, నూట అరవై చెక్కలు. అసిరమ్మ వెనక నడుస్తూ చిన్న పుల్లతో నా పిక్క మీద తడుతూ లెక్క చెప్పింది. రహస్యం ఎడమ కాలిలో ఉంది. కుడి కాలు చెక్క మధ్యలో వేసి, ఎడమ కాలు చెక్క అంచు దాకా కొంచెం ఈడ్చి వెయ్యాలి. అప్పుడు బిందెలు ఊగవు.

"ఇదెవరు నేర్పారు మీకు?"

"ఎవలు నేర్పుతారు? పడి నేర్సుకున్నాను. నాను మాత్రం పద్నాలుగు మందికి నేర్పినాను. ఒక్కలు కూడా పడనేదు."

ఈ మాట చెప్పినప్పుడు ఆమె గొంతులో గర్వం వినిపించింది. ఎడమ తుంటి నొప్పి. కొత్త నొప్పి.

ఇరవై రెండో రోజు

చిరాకు. హాస్టలు తలుపు నన్ను రెండుసార్లు వెనక్కి పంపి మళ్ళీ నడిచి రమ్మంది. గడపకన్నుకి ఉప్పు పట్టిందేమోనని వార్డెన్‌తో చెప్పాను. తుడిపిస్తానన్నారు. ఎడమ తుంటి నొప్పి తగ్గింది. పంతొమ్మిది కావళ్ళు.

ఇరవై ఆరో రోజు

తలుపు మూడుసార్లు నడిపించింది. నా వెనక వచ్చిన షాహీన్‌కి మాత్రం ఒక్కసారికే తెరుచుకుంది. "నువ్వు లావయ్యావేమో" అని వెటకారం. రోజుకి ఇరవై కావళ్ళు మోస్తూ లావయ్యేదాన్ని ప్రపంచంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. వార్డెన్ రెండోసారి తుడిపించారు. ఎక్కడా నొప్పి లేదు. రాయడానికి నొప్పి లేకపోతే ఏం రాయాలో మేడం చెప్పలేదు.

ముప్పై ఒకటో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం అయిదుంపావుకు కర్రలపేట నుంచి వచ్చాను. హాస్టలు గడప ముందు మామూలుగా నాలుగడుగులు నడిచాను. తలుపు తెరుచుకోలేదు. ఎప్పుడూ "స్వాగతం, వారిజ" అనే గొంతు, అదే మర్యాదతో ఇలా అంది: "అసిరమ్మ గారూ, మీకు ఇక్కడ ప్రవేశం లేదు."

వెనక్కి తిరిగి చూశాను. ఆమె నా వెంట రాలేదు. మెరక మెట్ల మీద నేను తప్ప మనిషి లేదు.

మళ్ళీ నడిచాను. "అసిరమ్మ గారూ, మీకు ఇక్కడ ప్రవేశం లేదు."

షాహీన్ వచ్చి లోపలికి లాక్కెళ్ళింది. ఆమెకిది పెద్ద హాస్యం. నాకు మాత్రం అరికాళ్ళ నుంచి ఏదో పాకినట్టయింది. భయం కాదు. చాలా రోజులుగా వెతుకుతున్న వస్తువు చేతికి తగిలినప్పుడు కలిగేది. ఆరవుతోంది, ముద్ర పడుతుంది. మిగతాది రేపు.

ముప్పై రెండో రోజు

పొద్దున్నే సేరు ముగ్గుపిండి తీసుకెళ్ళాను. ఎవరూ తిరగని పక్కబాట మీద పది చెక్కలకి పల్చగా చల్లాను.

"పండగేటమ్మా?" అంది అసిరమ్మ.

"కాదండీ, ఒకసారి కావడి లేకుండా దీని మీద నడవండి."

నడిచింది. ఆమె పక్కనే నేనూ నడిచాను, నా మామూలు నడకే అనుకుంటూ. వంగి చూస్తే రెండు వరసలూ ఒక్కలాగే ఉన్నాయి. కుడి పాదం చెక్క మధ్యలో, ఎడమ పాదం అంచు దాకా ఈడ్చిన గీత. నాకు తెలియకుండానే, ఖాళీ భుజంతో కూడా, ఆమె నడకే నడుస్తున్నాను.

"కావడి దించినా కాలు మరవదమ్మా" అంది ఆమె. అదేమీ వింత కానట్టే చెప్పింది.

నా బుర్ర తిరిగిపోయింది. నేర్పితే నడక వచ్చేస్తుందా? మరి మీరు నేర్పిన పద్నాలుగు మంది మాటేమిటి? వాళ్ళని చూసి తలుపులు ఎన్నడూ పొరపాటు పడలేదా అని అడిగాను.

"మా పేటలో తలుపులికి మిసన్లెక్కడివమ్మా? తాడు కట్టీసుకుంటాం."

"తొట్టి గేటు? రేవు గేటు?"

"అవి పేరు సెప్పవు కదా. పచ్చ దీపం ఎలిగిందంటే ఎలిపోడమే. ఎవలి పేరున ఎలిగిందో ఎవలు సూసినారు?"

మెరక మీద తలుపులు పేరు పెట్టి పిలుస్తాయి. పేటలో దీపం ఒకటే వెలుగుతుంది. గడపకన్నుని పరీక్షించిన పెద్దలు మెరక మీదే పరీక్షించారని మా పాఠంలోనే ఉంది: గుమాస్తాలు, విద్యార్థులు, డాక్టర్లు. ఒకే బాట మీద ఒకే బరువు మోసేవాళ్ళని పిలిచినట్టు ఎక్కడా లేదు.

ముప్పై నాలుగో రోజు

సత్యభామ మేడం నా ముగ్గు కథంతా విన్నారు. ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. తన సంతకం మీద తొట్టి గేటు రికార్డు తెప్పించి నా ముందు పడేసి, "చదువుకో" అన్నారు.

మార్గశిరంలో ఒక రోజున అసిరమ్మ తొట్టి గేటు లోపలికి అరవై రెండుసార్లు వెళ్ళింది. ప్రాణం పెట్టి మోసినా రోజుకి ఇరవై నాలుగుకు మించవు. ఇంకో రోజున రేవు గేటు దాటి మెరకకి మూడుసార్లు వచ్చింది, మధ్యలో ఒక్కసారి కూడా తిరిగి వెళ్ళకుండా.

"ఇన్నాళ్ళూ ఇది ఎవరూ చూడలేదా మేడం?"

"ఎవరూ అడగలేదు" అన్నారు. రికార్డు మూసి, "నేనూ అడగలేదు" అన్నారు. పందొమ్మిదేళ్ళుగా ఆ పాఠం చెబుతున్న మనిషి ఆ మాట అంటుంటే ఎటు చూడాలో తెలియక కిటికీ వైపు చూశాను.

ముప్పై ఆరో రోజు

కావడి దించి, రెండు చేతులూ పట్టుకుని మరీ అడిగాను. "ఆ పద్నాలుగు మంది పేర్లు చెప్పండి. ఒక్కొక్కరినీ గడపకన్ను ముందు నడిపిద్దాం. అందరినీ అది మీ పేరుతోనే పిలుస్తుంది. మీకు శిక్ష తప్పుతుంది."

"సెప్పను."

"ఎందుకని?"

"నాను కాదంటే మరొకలు కావాల. ఆ మరొకలు నా సేతి కిందోళ్ళే కదా. ఒక్కరికి తప్పించి పద్నాలుగు మంది మీద ఏస్తావేటి?" ఆమె కోపంగా అనలేదు. అలసటగా అంది. "పెద్దదాన్ని. నా మీదే ఉండనీ."

ఇన్నాళ్ళూ ఆమె మిషన్ని నమ్మి ఒప్పుకుంటోందనుకున్నాను. అందులో నమ్మకం సగమే. మిగతా సగం ఈ పద్నాలుగు మందిని దాచుకోవడం. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే బిందెలు తొణుకుతాయని తెలిసింది. చాలా తొణికాయి.

ముప్పై తొమ్మిదో రోజు

ఈ సాయంత్రం ఆ ఒక్క వాక్యం రాయాలి. షాహీన్ పొద్దుట నుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడితే బతిమాలతానని భయమట, ఆ సంగతి చీటీ రాసి పెట్టింది.

నాకూ భయంగానే ఉంది. ధర్మాసనం ఒక్క మాటతో కొట్టిపారేయొచ్చు: ఈ అమ్మాయి ఆ నడకను నటిస్తోంది అని. నటన కాదని నిరూపించడానికి నా దగ్గర ఏముంది? భోజనం మానేసి అదే ఆలోచించాను. పాత పేజీలు తిరగేస్తుంటే ఇరవై రెండో రోజు పేజీ కంటబడింది. ఇరవై ఆరో రోజు కూడా. నా సణుగుడు, వార్డెన్, ఉప్పు, లావవడం. వాటి కింద ముద్రలు.

మేడం నొప్పులే ఎందుకు రాయమన్నారో ఇప్పటికి బోధపడింది.

సందేహం ఉంది.

నలభయ్యో రోజు

ధర్మాసనం గది గడప పేర్లు పైకి చదువుతుంది. ముందు నేను వెళ్ళాను. "అసిరమ్మ, తొంభై నాలుగు పాళ్ళు" అంది. గుమాస్తా తలెత్తి చూశాడు. నా వెనక అసిరమ్మ వచ్చింది. "అసిరమ్మ, తొంభై ఆరు పాళ్ళు." వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద న్యాయమూర్తి నవ్వలేదు.

నేననుకున్న ప్రశ్నే మొదట వచ్చింది. "నలభై రోజులు పక్కన ఉండి చూశావు. నేర్చుకుని నటిస్తున్నావేమో?"

"నటించేదాన్నయితే తలుపు పాడైందని వార్డెన్‌కి ఫిర్యాదు చెయ్యను కదండీ. ఇరవై రెండో రోజు పేజీ చూడండి. అప్పటికి నాకు ఇదేమిటో తెలియదు. ఎడమ తుంటి నొప్పి ఏ రోజు మొదలైందో, ఏ రోజు తగ్గిందో చూడండి. నొప్పి తగ్గిన రోజే తలుపు నన్ను గుర్తుపట్టలేక తడబడటం మొదలుపెట్టింది. అన్నిటికీ మీ ముద్రలే ఉన్నాయి."

ముగ్గురు న్యాయమూర్తులూ ఆ పేజీలు చదివారు. నా కాళ్ళ నొప్పులు అంత శ్రద్ధగా చదివినవాళ్ళు మళ్ళీ పుట్టరు. తర్వాత గేటు రికార్డు చదివారు. అరవై రెండు దగ్గర పెద్దాయన వేలు ఆగింది.

"అంటే ఇదే నడక ఇంకొందరికి ఉంది. వాళ్ళ పేర్లు?"

అసిరమ్మ తల వంచుకుంది. నేను ముందుకు వచ్చి చెప్పాను.

"పదిహేనో పేరు చెబుతానండీ. వారిజ. మిగతావి చెప్పలేను. ఆ నడక ఉన్నంత మాత్రాన ఎవరూ దోషి కారని చెప్పడానికే వచ్చాను. పేర్లిస్తే మళ్ళీ నడకతోనే వెతుకుతారు."

చాలాసేపు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. చివరికి పెద్దాయన చదివారు. గడపకన్ను సాక్ష్యం పక్కన పెడుతున్నారు. శిక్ష రద్దు. పాత తీర్పులన్నీ మళ్ళీ చూడాలి. ఆ తెల్లవారుజామున ఏం జరిగిందో మనుషులను అడిగి తెలుసుకోవాలి. వెంటనే గుమాస్తా లేచి, అడగడానికి ఫారం ఏదని అడిగాడు. అలాంటి ఫారం లేదు. పందొమ్మిదేళ్ళుగా ఎవరినీ అడిగిన పాపాన పోలేదు. సత్యభామ మేడం వెనక నుంచి, "మా మొదటి సంవత్సరం పిల్ల అడుగుతుంది" అన్నారు.

ఇంకో మాట కూడా చదివారు. విచారణ తేలేదాకా రిజిస్టరులో ఆ నడక చెల్లకుండా ఆపి ఉంచుతారు. అంటే ఆమెకీ నాకూ ఏ గేటూ తెరుచుకోదు, ఎవరో ఒకరు తోడు వచ్చి తెరిపించాలి. అసిరమ్మ నా వైపు చూసి, "అయితే ఇప్పుడు నీకు నాను తోడేటి, నాకు నువ్వు తోడేటి?" అంది.

ముద్ర అక్కర్లేని పేజీ

దినచర్య నిన్నటితో ముగిసింది. ఇది నా కోసం.

పొద్దున అసిరమ్మ మెరక ఎక్కి వచ్చింది. షాహీన్ వెళ్ళి రేవు గేటు తెరిపించింది, ఆ సంగతి ఏడాదంతా చెప్పుకుంటుంది. అసిరమ్మ చేతిలో రెండు బారల కొబ్బరితాడు. హాస్టలు తలుపుని పైనుంచి కింది దాకా చూసి, వార్డెన్‌ని చిన్న మేకు అడిగింది. గడపకన్ను ఆపేయించి, పిడికి తాడు కట్టడం మొదలుపెట్టింది. వార్డెన్ పాపం, ఏ నియమం కింద కాదనాలో తెలియక నిచ్చెన పట్టుకున్నారు.

నేను పక్కన నిలబడి ముడి నేర్చుకుంటున్నాను. ఈ పూటే పేటకు వెళ్ళాలి. పేటవాళ్ళని ఏం అడగాలి, ఎలా అడగాలి, ఎవరిని ముందు అడగాలి? రాత్రంతా పట్టికలు వేశాను, చించాను. అప్పుడు తట్టింది. ఈ నలభై రోజుల్లో అందరం మిషన్ని అడిగాం, రికార్డుని అడిగాం, ముగ్గుని కూడా అడిగాం. తూము సంగతి ఈమెను అడిగింది మూడో రోజున ఒక్కసారే. ఆ రోజున ఆమె నడక గురించి చెప్పింది. తన గురించి చెప్పలేదు.

"అసిరమ్మ గారూ, తూము మీరే తెరిచారా?"

ఆమె చేతులు ఆగాయి. ముసుగు తీసేసింది. నా ముఖంలోకి సూటిగా చూసింది.

"నేదమ్మా. నాను సేయనేదు. ఆ పొద్దు నాను తొంగున్నాను. నాకు తెలుసు."

అని మళ్ళీ తాడు అందుకుని, ముడి బిగించి, గట్టిగా లాగి చూసింది. తలుపు నిలిచింది.

"బేగి నడు. ఎండెక్కీకుండా అడుగుదుం" అంది.